ముందుచూపు గల ఆఫీసు

నూతన కల్పనల హక్కుల కార్యాలయంలో ఎగ్జామినరుగా చేరిన రోజున భానుమూర్తికి ఒక బల్ల, ఒక కుర్చీ, 'అభ్యంతరం' అని చెక్కిన రబ్బరు స్టాంపు ఒకటి ఇచ్చారు. 'ఆమోదం' అనే స్టాంపు కూడా ఉండాలి కదా అని అతను అడిగితే, ఉందనీ, రిపేరుకి వెళ్ళిందనీ, తను ఉద్యోగంలో చేరేనాటికే వెళ్ళి ఉందనీ అటెండరు దాలయ్య చెప్పాడు. దాలయ్య తల అప్పటికే ముగ్గుబుట్ట.

భానుమూర్తి ఇంజనీరింగు చదివి, పోటీపరీక్ష రాసి, ఇంటర్వ్యూ నెగ్గి వచ్చినవాడు. ఎవరైనా కొత్త వస్తువు కనిపెట్టి దరఖాస్తు పెట్టుకుంటే, అది నిజంగా కొత్తదో కాదో వెతికి తేల్చడం, కొత్తదైతే వాళ్ళకి పేటెంటు ఇమ్మని రాయడం తన పని అని అతని నమ్మకం. ప్రొబేషన్ పూర్తికాని కుర్రాడు గనక ఆ నమ్మకాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వయసుతోపాటే పోతుందిలే అనుకున్నారు.

ఆ వేసవిలో అతని బల్లమీదికి ఒక ఫైలు వచ్చింది. పైన 'పత్రముల స్కానింగు మరియు ప్రతిబింబ పూర్వదర్శన వ్యవస్థ' అని ఉంది. పేరు బరువు చూసి ఏ పెద్ద కంపెనీదో అనుకున్నాడు. తెరిస్తే దరఖాస్తుదారు పార్వతీపురం వైపు నుంచి బొడ్డేపల్లి సుగుణావతి అనే ఆవిడ. పాలిటెక్నిక్ చదివి, అక్కడి రికార్డు ఆఫీసులో పాత భూమి కాగితాలు స్కాను చేసే కాంట్రాక్టు పనిలో ఉంది.

ఈ కల్పన అవసరం ఎందుకు కలిగింది అని దరఖాస్తులో ఒక గడి ఉంటుంది. అందరూ అక్కడ రెండు ముక్కలు రాసి వదిలేస్తారు. సుగుణావతి మాత్రం జరిగింది జరిగినట్టు రాసింది. ఒక రైతు కాగితాన్ని ఎవరో హడావుడిగా స్కాను చేస్తుంటే, సర్వే నంబరు ఉన్నచోట వాళ్ళ బొటనవేలు అడ్డం పడింది. స్కాను అయిపోయింది గనక అసలు కాగితాన్ని నిబంధనల ప్రకారం తగలబెట్టేశారు. అప్పట్నుంచీ సర్కారు లెక్కలో ఆ రైతుకున్నది ఒక బొటనవేలు. దాని మీద బ్యాంకువాళ్ళు అప్పు ఇవ్వరు, అన్నదమ్ములు పంచుకోలేరు. ఆ రైతు ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరగడం చూడలేక ఆవిడ ఈ యంత్రం చేసింది. కాగితం పెట్టగానే, రేపు రికార్డులో ఎలా ఉండబోతుందో అలాగే ముందుగా చిన్న తెర మీద చూపిస్తుంది. మూల మడత పడినా, అంచు తెగినా, కాగితం తిరగబడినా, వేలు అడ్డొచ్చినా నోరు తెరిచి చెప్తుంది. సరిచేసేదాకా మీట నొక్కనివ్వదు.

భానుమూర్తి దేశదేశాల పేటెంట్లూ గాలించాడు. ముందుగా చూపించే యంత్రాలు చాలా ఉన్నాయి. చూపించి, తప్పు చెప్పి, ఆ తప్పు దిద్దేదాకా మొండికేసేది ఎక్కడా లేదు. అతనికి ఆ మొండితనం నచ్చింది. ఇది కొత్తదే, పేటెంటు ఇవ్వవచ్చు అని రిపోర్టు రాసి పైకి పంపాడు.

పైన ఉన్నది డిప్యూటీ కంట్రోలరు వీరరాఘవులు గారు. ఆయన భానుమూర్తిని పిలిచి కోప్పడలేదు, కూర్చోబెట్టి కాఫీ తెప్పించారు. చావు కబురు చెప్పేముందు మనుషుల్ని అలాగే కూర్చోబెడతారు. ఈ కార్యాలయ చరిత్రలో మొదటి రిపోర్టులోనే 'ఇవ్వవచ్చు' అని రాసిన ఎగ్జామినరు లేడనీ, అభ్యంతరం లేని రిపోర్టు చింతపండు లేని పులుసు లాంటిదనీ, పై వాళ్ళు నోట పెట్టలేరనీ మెత్తగా చెప్పారు. అభ్యంతరం ఏమీ కనిపించలేదండీ అన్నాడు భానుమూర్తి.

"కనిపించకపోవడమే అభ్యంతరకరం," అన్నారు వీరరాఘవులు గారు. "చేసేముందు చూసుకోవడం కొత్తేమిటయ్యా? మీ అమ్మగారు బెండకాయలు ఎలా కొంటారు?"

"కొస విరిచి చూసి కొంటుందండి."

"రాయి."

భానుమూర్తి రాశాడు. మొదటి అభ్యంతరం: 'వస్తువును స్వీకరించుటకు పూర్వము పరిశీలించు ప్రక్రియ బెండకాయ కొస విరుచు సంప్రదాయ విధానము ద్వారా అనాదిగా లోకవిదితమై యున్నందున నూతనత్వము లోపించినది.' ఒక్కటే ఉంటే బోసిగా ఉందని వీరరాఘవులు గారు ఫైలు తిరగేసి రెండోది పట్టారు. యంత్రం బొమ్మ ఉన్న పేజీలో సగం బొమ్మ లేదు. తేదీ ఉన్న మొదటి పేజీలో పైఅంచు లేదు.

ఇరవై రోజుల్లో సుగుణావతి జవాబు వచ్చింది. బెండకాయ ముదిరితే నన్ను కొనకండి అని బెండకాయ చెప్పదనీ, తన యంత్రం చెప్తుందనీ రాసింది. తను పంపిన కాగితాల్లో బొమ్మా తేదీ నిండుగానే ఉన్నాయనీ, వాటిని కోసేసింది తమ కార్యాలయంలోని స్కానరేననీ, సరిగ్గా ఈ బాధ కోసమే తను దరఖాస్తు పెట్టుకున్నాననీ కూడా రాసి, ఆ రెండు పేజీలూ మళ్ళీ జత చేసింది.

అసలు కాగితాలు చూద్దామంటే ఈ కార్యాలయంలోనూ స్కాను కాగానే తగలబెట్టడమే నియమం. రికార్డులో లేనిది లోకంలో లేనట్టేనని వీరరాఘవులు గారు తేల్చారు. అయినా జవాబులో కొంత తలబిరుసు ధ్వనిస్తోంది గనక యంత్రంతో సహా స్వయంగా హాజరు కమ్మని తాఖీదు పంపారు.

సుగుణావతి యంత్రాన్ని పాత దుప్పటిలో మూట కట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. నలభై దాటిన మనిషి. నల్లగా, పొట్టిగా, చూపు మాత్రం సూటిగా ఉంది. మాట్లాడే యంత్రం వచ్చిందని తెలిసి కంట్రోలరు చిదంబరేశ్వర ప్రసాద్ గారే స్వయంగా హాల్లోకి దిగివచ్చారు. ఆయన రాగానే అందరూ లేచారు. ఆయన తన చేతిలోని కాగితాన్ని యంత్రం మీద పెట్టారు.

"కాగితం తలకిందులుగా ఉంది, తిప్పండి," అంది యంత్రం. గొంతు సుగుణావతిదే.

హాలు గుడ్లప్పగించింది. కంట్రోలరు గారి సర్వీసులో ఆయన కాగితం తలకిందులుగా ఉండటం ఎన్నోసార్లు జరిగే ఉంటుంది. ఆ మాట ఆయనతో అన్నవాళ్ళు మాత్రం లేరు. ఆయన మారు మాట్లాడకుండా తిప్పారు. మూల మడత పడింది, విప్పమంది యంత్రం. విప్పారు. వేలు తియ్యమంది. ఒకటో తరగతి పిల్లాడిలా చటుక్కున తీశారు. అప్పుడు తెర మీద కాగితం అక్షరం పొల్లుపోకుండా నిలిచింది.

కంట్రోలరు గారి కళ్ళు చెమర్చాయి. "చేసేముందు చూసుకోవడం," అన్నారు నెమ్మదిగా. "ఇన్నేళ్ళ సర్వీసులో నాకీ ఆలోచన ఎందుకు రాలేదు?"

నిజాయితీగా అడిగిన ప్రశ్న గనక ఎవరూ జవాబు చెప్పలేదు.

అయితే పేటెంటు ఇస్తారా అని సుగుణావతి అడిగింది. అది పరిశీలనలో ఉన్న అంశమనీ, ప్రస్తుతానికి కార్యాలయం యంత్రం తాలూకు స్ఫూర్తిని మాత్రం స్వీకరిస్తున్నదనీ ఆయన సెలవిచ్చారు. ఆవిడ యంత్రాన్ని మళ్ళీ దుప్పటిలో కట్టుకుని బస్సెక్కింది. స్ఫూర్తి ఆఫీసులోనే ఉండిపోయింది.

ఆ సోమవారం సర్క్యులర్ వచ్చింది. 'ఈ కార్యాలయమునందు ఇకమీదట ఏ కార్యమునైనను ముందుగా చూచుకొని, దోషములు దిద్దుకొనిన పిమ్మటనే చేయవలెను. దీనిని ముందుచూపు విధానము అందురు.' పేటెంటు లేని యంత్రాన్ని కొనడానికి నిబంధనలు ఒప్పుకోవు గనక ముందుచూపు మనుషులతోనే జరగాలన్నారు. వీరరాఘవులు గారి కింద ముందుచూపు విభాగం వెలిసింది.

మొదట్లో అంతా సవ్యంగానే ఉంది. ఉత్తరం పంపేముందు దాని నమూనా ఒకటి పచ్చకాగితం మీద తీసి, ముందుచూపు విభాగం చూసి, తప్పులు దిద్ది, అప్పుడు అసలు ఉత్తరం పంపేవారు. తర్వాత ఎవరికో అనుమానం వచ్చింది, పచ్చకాగితం కూడా ఒక కార్యమే కదా, దానికి ముందుచూపు ఏదని. దానికి గులాబీ కాగితం పెట్టారు. గులాబీ దగ్గర ఎందుకు ఆగారంటే, స్టోర్సులో అంతకుమించి రంగులు లేవు.

సెలవులకీ ఇదే వర్తించింది. సెలవు కావలసినవాళ్ళు ముందు ఒకరోజు ముందుచూపు సెలవు పెట్టాలి. అంటే ఆఫీసుకి వచ్చి, తన గదిలో కాకుండా వేరేచోట కూర్చోవాలి. ఆరోజు అతను లేనట్టే లెక్క. పిలిస్తే పలకకూడదు, కాగితం ముట్టకూడదు. అతను లేని ఆఫీసు ఎలా నడుస్తుందో పైవాళ్ళు చూసుకుంటారు. చాలామంది విషయంలో ఆఫీసు ఇంకా బాగా నడుస్తున్నట్టు తేలింది. దానివల్ల ఇళ్ళల్లో కొన్ని మనస్పర్ధలు వచ్చాయి.

సూపరింటెండెంటు అనసూయమ్మ గారికి పదవీ విరమణ దగ్గర పడింది. సభకి ముందుచూపు జరిపించారు. పూలదండ వేసి తీశారు, శాలువా కప్పి మడతపెట్టారు, ఆవిడ సేవల గురించి ఐదుగురు మాట్లాడారు. మాట్లాడినవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు, ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చింది. మర్నాటి నుంచీ ఆవిడ రాలేదు. తీరా చూస్తే జరిగింది నమూనాయే, అసలు విరమణకి ఇంకా పదిరోజులుంది. గైర్హాజరు అయినందుకు సంజాయిషీ అడిగారు. అసలు సభకి ఆవిడ వచ్చింది గానీ ఈసారి ఎవరికీ ఏడుపు రాలేదు.

భానుమూర్తి మాత్రం తన ఫైలు పట్టుకుని తిరుగుతూనే ఉన్నాడు. సుగుణావతికి తుది విచారణ తేదీ ఇప్పించమని అడిగీ అడిగీ చివరికి సాధించాడు. అయితే విచారణ కూడా కార్యమే గనక ముందు దాని ముందుచూపు జరగాలి. అసలు దరఖాస్తుదారు ఎదురుగా ఏం మాట్లాడుతుందో తెలియకుండా విచారణ జరపడం ప్రమాదకరమని వీరరాఘవులు గారి ఉద్దేశం. దరఖాస్తుదారు స్థానంలో అటెండరు దాలయ్యని నిలబెట్టారు.

"మీ యంత్రంలో కొత్తదనమేమిటి?" అని అడిగారు వీరరాఘవులు గారు, గుమాస్తా రాసుకుంటుండగా.

దాలయ్య జీవితమంతా అధికారుల ముందు నిలబడినవాడు. చేతులు వాటంతటవే కట్టుకుపోయాయి. "కొత్తేటుంది బాబూ," అన్నాడు. "అంతా తమరి దయ."

'నూతనత్వము ఏమియు లేదని దరఖాస్తుదారు స్వయముగా అంగీకరించినారు' అని గుమాస్తా రాశాడు.

భానుమూర్తి లేచి, అన్నది దాలయ్య కదండీ అన్నాడు. ఈ పూట దాలయ్యే దరఖాస్తుదారు అన్నారు వీరరాఘవులు గారు. అసలావిడ రేపు వచ్చి వేరేగా చెప్తే ఏం చేస్తారని అడిగాడు భానుమూర్తి. అలా చెప్తే మన ముందుచూపు తప్పని అర్థం వస్తుందనీ, ముందుచూపు తప్పే అవకాశం లేదని సర్క్యులర్లోనే ఉందనీ, అందుచేత ఆవిడ చెప్పకపోవడమే పద్ధతిగా ఉంటుందనీ ఆయన వివరించారు. దాలయ్య బయటికొచ్చి భానుమూర్తి చెయ్యి పట్టుకున్నాడు. అయ్యో బాబూ, నోరు దానంతటదే అనేసిందని వాపోయాడు.

సుగుణావతి చెప్పిన తేదీకి వచ్చింది. ఆవిడ విచారణ నిన్ననే ముగిసిందని చెప్పారు. ఆవిడ వరండాలో బెంచీ మీద కూర్చుండిపోయింది. భానుమూర్తి కూడా పక్కన కూర్చున్నాడు. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. జరిగింది చెప్పింది. ఆర్నెల్ల కిందట ఒక కంపెనీవాళ్ళు రికార్డు ఆఫీసుకి వచ్చారట. ఆడమనిషి భలే చేసిందే అని మెచ్చుకుంటే, మురిసిపోయి యంత్రం విప్పి మరీ చూపించిందట. ఇప్పుడు వాళ్ళు అచ్చం అలాంటిదే తయారుచేసి ఆఫీసాఫీసుకీ అమ్ముతున్నారు. వాళ్ళది చూసి ఈవిడే కాపీ కొట్టిందని రికార్డు ఆఫీసులో చెప్పారు కూడా. కాంట్రాక్టు పోయింది.

"డబ్బు కోసం కాదని నేను అబద్ధమాడను బాబూ," అంది సుగుణావతి. "డబ్బూ కావాలి. కానీ మా ఊళ్ళో నన్ను దొంగని అంటన్నారు. అది నేను చేసిందేనని ఒక్క కాగితం కావాలి. మీరు చదివారు కదా, అది నేను చేసిందా కాదా?"

"మీరు చేసిందేనండి," అన్నాడు భానుమూర్తి.

"ఆ మాట ఈ ఆఫీసులో మీరొక్కరే అన్నారు," అని ఆవిడ లేచి, చీర దులుపుకుని వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం భానుమూర్తి భోజనం డబ్బా విప్పలేదు.

సాయంత్రం వీరరాఘవులు గారి గదికెళ్ళి, జీవితంలో మొదటిసారి ఒక పై అధికారితో గొంతు పెంచి మాట్లాడాడు. దాలయ్య మాటల మీద ఒక మనిషి కష్టాన్ని కొట్టెయ్యడం అన్యాయమన్నాడు. వీరరాఘవులు గారు విన్నారు. దాలయ్య సాక్ష్యం కొంచెం బలహీనమేనని ఒప్పుకున్నారు. అంతకంటే గట్టి ఆధారం తన దగ్గరుందన్నారు. ముందుగా చూపి, తప్పు చెప్పి, దిద్దేదాకా పని ఆపడం అనే ఈ పద్ధతిని ఒక ప్రముఖ సంస్థ ఇప్పటికే బహిరంగంగా ఆచరిస్తోందట. ఆ సంస్థ ఏదని అడిగాడు భానుమూర్తి.

"మనమే," అన్నారు వీరరాఘవులు గారు.

ఆవిడ దరఖాస్తు మన సర్క్యులర్ కంటే ముందుది కదండీ అన్నాడు భానుమూర్తి. దరఖాస్తు మీద తేదీ ఎక్కడుందో చూపించమన్నారాయన. పైఅంచు తెగిపోయింది గనక తేదీ లేదు. మళ్ళీ పంపిన పేజీ ముందుచూపు విభాగంలో గులాబీ దశలో ఉంది. సర్క్యులర్ మీద తేదీ స్పష్టంగా ఉంది. తేదీ ఉన్నది తేదీ లేనిదానికంటే ముందుదని ఇంగితం ఉన్నవాడెవడైనా ఒప్పుకుంటాడన్నారు. అని, సొంత దస్తూరీతో ఫైలులో రాశారు: 'ఈ కార్యాలయము ఆచరించుచున్న ముందుచూపు విధానమును, దరఖాస్తుదారు కోరుచున్న కల్పనయును సర్వవిధముల ఒక్కటియే.' కింద కంట్రోలరు గారు కూడా సంతకం చేశారు. తన ఆలోచనకి అంత గుర్తింపు వచ్చినందుకు ఆయనకి ముచ్చటేసింది.

ఇలా ఉండగా ఢిల్లీ నుంచి ఒక తాఖీదు వచ్చింది. గడిచిన నెలల్లో ఈ కార్యాలయం ఒక్క నిర్ణయమూ చేయలేదేమని. నిజమే. నమూనా నిర్ణయాలు బీరువాల నిండా ఉన్నాయి. అసలు నిర్ణయం మాత్రం ఒక్కటీ పుట్టలేదు. ఎందుకంటే నమూనా మీద సంతకం పెట్టడానికి ఎవరికీ భయం లేదు, అసలు దాని మీద పెట్టమంటే అందరూ కలం మూసి జేబులో పెట్టుకుంటారు. కంట్రోలరు గారు ఆలోచించి సవరణ జారీ చేశారు. 'ముందుచూపు నిమిత్తము సంతకమైన ఏ పత్రముపైనను వారము దినములలో అభ్యంతరము దాఖలు కానియెడల, అదియే అసలు పత్రముగా పరిగణింపబడును.' ఈ ఆఫీసులో అభ్యంతరం రాని కాగితం ఉండదు గనక దీనివల్ల కొంపలేమీ మునగవని ఆయన ధీమా.

భానుమూర్తి ఆ సవరణ చదివాడు. ఇంకోసారి చదివాడు. తర్వాత తలుపు దగ్గరికి వేసుకుని, సుగుణావతి పేరు మీద పేటెంటు పత్రానికి నమూనా తయారుచేశాడు. బొమ్మ నిండుగా పెట్టాడు. దరఖాస్తు తేదీ ఆవిడ చెప్పిందే వేశాడు, తప్పయితే ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు కదా అని. దాన్ని మిగతా పచ్చకాగితాల కట్టలో కంట్రోలరు గారి ముందు పెట్టాడు. ఆయన కట్టంతా సంతకాలు పెట్టి, తలెత్తకుండానే, పనిమంతుడివయ్యా అన్నారు.

ఐదో రోజున వీరరాఘవులు గారి కంట అది పడింది. ఆయన భానుమూర్తిని పిలిచి, నీ ప్రొబేషన్ సంగతి తర్వాత మాట్లాడదాం అన్నారు. వెంటనే అభ్యంతరం రాయడానికి కూర్చున్నారు. అద్భుతంగా రాశారు. అయితే అభ్యంతరం దాఖలు చేయడం కూడా ఒక కార్యమే. దానికి ముందుచూపు కావాలి. ముందుచూపు విభాగానికి అధిపతి ఆయనే. తను రాసినదాన్ని తనే చూసి దిద్దరాదని ఆ విభాగం నియమావళిలో ఉంది. ఆ నియమం పెట్టిందీ ఆయనే. అలాంటప్పుడు చూడవలసింది కంట్రోలరు గారు.

కంట్రోలరు గారు పక్కగదిలోనే ఉన్నారు. కిటికీ దగ్గర పడక్కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. కాని ఆయన ముందుచూపు సెలవులో ఉన్నారు. పై నెలలో తిరుపతి ప్రయాణం పెట్టుకున్నారు, తను లేకపోతే ఆఫీసు ఏమవుతుందో చూడాలని ఎక్కువ రోజులకే పెట్టారు. వీరరాఘవులు గారు గుమ్మంలో నిలబడి పిలిచారు. ఆయన పలకలేదు. ఎదురుగా వెళ్ళి కాగితం పట్టుకుని నిలబడ్డారు. కంట్రోలరు గారు పేజీ తిప్పారు. ఆయన పద్ధతి గల మనిషి, లేనివాడు ఎలా ఉండాలో ఆఫీసుకి ఆదర్శంగా చూపించదలిచారు. వీరరాఘవులు గారు అక్కడే గంటసేపు నిలబడి, కాళ్ళు పీకి, చివరికి దాలయ్య తెచ్చిన స్టూలు మీద కూలబడ్డారు.

వారం దాటింది. నమూనా అసలైపోయింది. భానుమూర్తి తనే పోస్టాఫీసుకి వెళ్ళి సుగుణావతికి రిజిస్టరు చేశాడు.

ఆ తర్వాత జరిగింది అతను కూడా ఊహించలేదు. పేటెంటు అందిన పదిహేను రోజులకి ఒక లాయరు ద్వారా రెండు నోటీసులు బయల్దేరాయి. ఒకటి ఆ కంపెనీకి. కంపెనీవాళ్ళు తెలివైనవాళ్ళు, గొడవ లేకుండా అమ్మకాలు ఆపి రాజీకి వచ్చారు. రెండోది నూతన కల్పనల హక్కుల కార్యాలయానికి. తన క్లయింటు పేటెంటులో ఉన్న పద్ధతిని తమరు అనుమతి లేకుండా రోజూ వాడుతున్నారనీ, ఆ పద్ధతీ ఈ కల్పనా సర్వవిధాల ఒక్కటేనని తమరే రాసి సంతకాలు చేశారనీ, తక్షణం మానుకోవలెననీ దాని సారాంశం.

ఆఫీసులో కల్లోలం రేగింది. అనుమతి తీసుకుందామంటే దానికి ఫైలు నడపాలి. ఫైలు నడపాలంటే ముందుచూపు చేయాలి. ముందుచూపు చేస్తే మళ్ళీ ఉల్లంఘన అవుతుంది. న్యాయ సలహాదారు వచ్చి, తమరు ఇక ఒక్క కాగితాన్ని ముందుగా చూసి దిద్దినా దావాకి గురవుతారని చెప్పి, ఫీజు తీసుకుని వెళ్ళారు. కంట్రోలరు గారు సుగుణావతికి స్వయంగా ఫోను చేశారు. భానుమూర్తి పక్కనే ఉన్నాడు. ఒక ప్రభుత్వ కార్యాలయం చేసేముందు చూసుకోవడం దేశానికి మంచిదే కదమ్మా అని ఆయన నచ్చజెప్పబోయారు.

"మీరు చూసుకున్నంతకాలం నా కాగితం కదల్లేదండి," అందావిడ. "మానెయ్యండి బాబూ. దణ్ణం పెడతాను."

ఆయన ఫోను పెట్టేశారు. ఆ రోజే చివరి సర్క్యులర్ వెలువడింది. 'ఇకమీదట ఈ కార్యాలయమునందు ఏ ఉద్యోగియు ఏ కార్యమునైనను ముందుగా చూచుకొని చేయరాదు. ఉల్లంఘించినవారు శిక్షార్హులు.' దాని మీద ఆయన తల పక్కకి తిప్పుకుని సంతకం చేశారు. దానితోపాటు బల్లమీద ఉన్న కాగితాలన్నిటి మీదా అలాగే చేశారు. వాటిలో వీరరాఘవులు గారు పెట్టిన బదిలీ ఉత్తర్వు ఒకటి ఉంది, భానుమూర్తిని శంకరగిరి మాన్యాలు పట్టించాలని. చూడకుండా పెట్టిన సంతకం మాత్రం, బదిలీ అయ్యే ఉద్యోగి పేరు రాయడానికి వదిలిన గడిలో పడింది. కంట్రోలరు గారు తనను తానే బదిలీ చేసుకున్నారని తర్వాత తెలిసింది. చూడకుండా చేసిన ఉత్తర్వుని ఇప్పుడు చూసి దిద్దడం నిషిద్ధం గనక ఆయన సామాన్లు సర్దుకున్నారు. ఆ రోజు సంతకాలైన కాగితాల్లోనే భానుమూర్తి ఉద్యోగం ఖాయం చేసే కాగితం కూడా ఉంది. అందులో ఏం రాసి ఉందో ఎవరూ చదవలేదు గనక అది కూడా ఖాయమైంది.

భానుమూర్తి వరండాలోకి వచ్చి, ఎవరూ లేరని చూసుకుని, కడుపు పట్టుకుని నవ్వాడు. లోపల గులాబీ కాగితాలు కట్టలు కట్టేస్తున్నారు. ఆఫీసంతా ఎన్నాళ్ళకో ఊపిరి పీల్చుకుంది. గుమాస్తాలు గలగలా కబుర్లు చెప్పుకుంటూ, కాగితం వంక చూడకుండా చకచకా సంతకాలు పెట్టేస్తున్నారు. వెనకటి రోజులు తిరిగొచ్చాయని ఒకాయన ఆనందిస్తే, దాలయ్య మాత్రం ఒప్పుకోలేదు. వెనకటి రోజుల్లో అది ఒట్టి అలవాటేననీ, ఇప్పుడు చట్టమనీ అన్నాడు.